రెండు మిల్లీలీటర్ల మందు ఎన్ని ప్రాణాలు నిలుపుతుంది?

తమిళనాడులో 54 శాతం. ఇండొనేసియాలోని ఆచేలో 34. నేపాల్లో 30. ఘనాలో 19. ఉత్తరప్రదేశ్‌లో 4. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనూ సూడాన్‌లోనూ చెప్పుకోదగ్గ తేడాయే లేదు.

పిల్లలకు విటమిన్ ఎ అందిస్తే మరణాలు ఎంత తగ్గుతాయన్న ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబులివి. 1986 నుంచి 2013 దాకా, వేల మంది పిల్లలతో మొదలై పది లక్షల మంది దాకా సాగిన అధ్యయనాల్లో తేలిన అంకెలు. మన అంగన్‌వాడీ కేంద్రంలో ఆరు నెలలకోసారి చెంచాతో పోసే రెండు మిల్లీలీటర్ల ద్రావణం వెనక ఇంత పెద్ద లెక్క ఉంది. ఆ ద్రావణాన్ని ఇంకా పిల్లలందరికీ పోయాలా, కొందరికే పోస్తే సరిపోతుందా అన్న చర్చ మన దేశంలో ఇప్పుడు గట్టిగా నడుస్తోంది. ఏదో ఒక అంకెను పట్టుకుని తీర్పు చెప్పేస్తే పసిప్రాణాల విషయంలో పొరపాటు చేసినట్టే. అందుకే ఒక్కో అంకె ఎక్కడ పుట్టిందో, ఎందుకలా వచ్చిందో చూద్దాం.

మోతాదు లెక్క

మన దేశంలో బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక, తట్టు టీకాతో పాటు మొదటి మోతాదు పోస్తారు. అది 1 లక్ష యూనిట్లు, ఒక మిల్లీలీటరు. ఏడాదిన్నర వయసులో రెండోది. అక్కడి నుంచి అయిదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల చొప్పున, అంటే రెండు మిల్లీలీటర్లు. మొత్తం తొమ్మిది మోతాదులు, 17 లక్షల యూనిట్లు.

ఒక యూనిట్ అంటే 0.3 మైక్రోగ్రాముల రెటినాల్. ఆ లెక్కన 2 లక్షల యూనిట్లు 60 మిల్లీగ్రాములు. రెండు మూడేళ్ల బిడ్డకు రోజుకు సుమారు 400 మైక్రోగ్రాములు కావాలి. 60,000ను 400తో భాగిస్తే 150. అంటే ఒక్కసారి పోసిన మందులో కాగితం మీద 150 రోజులకు సరిపడా విటమిన్ ఉంది. విటమిన్ సి లాంటివి ఎక్కువైతే మూత్రంలో పోతాయి. విటమిన్ ఎ కొవ్వులో కరుగుతుంది కాబట్టి కాలేయం దాన్ని గాదెలో ధాన్యంలా దాచుకుని రోజువారీ అవసరానికి కొంచెం కొంచెం వదులుతుంది. అయితే పోసినదంతా ఒంటికి పట్టదు. కొంత వృథా అవుతుంది. విరేచనాలతో బాధపడే బిడ్డకు ఇంకా తక్కువే అందుతుంది. అందుకే ఆరు నెలలకు మించి ఆగకూడదన్న నియమం వచ్చింది.

ఈ పద్ధతికి పునాది పడింది హైదరాబాద్‌లోనే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పెద్ద మోతాదును ఒకేసారి నోటి ద్వారా ఇచ్చి పిల్లల కళ్లు కాపాడవచ్చని పల్లెల్లో పరీక్షించి, 1970లో ఫలితాలు ప్రచురించారు. పోషకాహార లోపంతో వచ్చే అంధత్వాన్ని అరికట్టే జాతీయ కార్యక్రమం అదే ఏడాది మొదలైంది. అప్పటి లక్ష్యం చూపు ఒక్కటే. రేచీకటి వచ్చి, తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు లేచి, చివరకు నల్లగుడ్డు మెత్తబడి కరిగిపోయే పిల్లలు అప్పట్లో ప్రతి పెద్దాసుపత్రిలో కనిపించేవారు. ఈ మందుకు ప్రాణం నిలిపే శక్తి ఉందన్న మాట అప్పట్లో ఎవరి నోటా వినిపించలేదు.

కంటి వైద్యుడికి కనిపించిన మరణాలు

ఆ మాట అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కంటి వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ సోమర్ నుంచి వచ్చింది. ఇండొనేసియాలోని జావా దీవిలో ఆయన బృందం 3,481 మంది పిల్లల కళ్లను మూడు నెలలకోసారి, ఏడాదిన్నర పాటు పరీక్షించింది. కంటి జబ్బు ఎలా ముదురుతుందో తెలుసుకోవడమే ఉద్దేశం. లెక్కలు వేస్తుంటే మరో సంగతి బయటపడింది. రేచీకటి, తెల్లమచ్చలు వంటి తేలికపాటి లక్షణాలున్న పిల్లలు, కళ్లు బాగున్న పిల్లల కంటే సగటున నాలుగు రెట్లు ఎక్కువగా చనిపోయారు. లోపం ఎంత ముదిరితే మరణం అంత దగ్గరగా వచ్చింది. 1983లో ఈ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి.

పేదరికం వల్లే కళ్లూ పాడై ఉండవచ్చు, ప్రాణాలూ పోయి ఉండవచ్చు కదా? న్యాయమైన సందేహమే. దాన్ని తీర్చడానికి సుమత్రా ఉత్తర కొసన ఉన్న ఆచేలో దాదాపు 450 గ్రామాలను తీసుకుని, చీటీ తీసినట్టు రెండుగా విడదీశారు. సుమారు 25,000 మంది పిల్లలు. సగం గ్రామాల్లో ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల గుళిక ఇచ్చారు. మిగతా సగంలో ఇవ్వలేదు. గుళిక అందని ఊళ్లలో పిల్లల మరణాలు 49 శాతం ఎక్కువ. అదే సంగతిని తిప్పి చెబితే, గుళిక అందిన ఊళ్లలో దాదాపు 34 శాతం తక్కువ. 1986లో ఇది వెలువడినప్పుడు చాలామంది నిపుణులు నమ్మలేదు. రెండు అమెరికన్ సెంట్ల ఖరీదు చేసే గుళిక మూడోవంతు మరణాలు ఆపుతుందంటే ఎవరికైనా అనుమానం రావడం సహజం.

చూపుకూ ప్రాణానికీ సంబంధం ఏమిటి?

శ్వాసనాళాలు, పేగులు, మూత్రనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండాలంటే విటమిన్ ఎ కావాలి. అది తగ్గితే తేమగా, మృదువుగా ఉండాల్సిన ఆ పొర ఎండి గరుకుబారుతుంది. క్రిములకు దారి దొరుకుతుంది. రోగంతో పోరాడే తెల్లరక్తకణాలు సరైన చోటికి చేరడానికీ ఈ విటమిన్ అవసరమే. లోపమున్న బిడ్డకు జబ్బు మరీ తరచుగా రాకపోవచ్చు, వచ్చిన జబ్బు నుంచి తేరుకునే శక్తి మాత్రం సన్నగిల్లుతుంది. అందుకే మరణాల్లో తేడా ఎక్కువగా కనిపించింది నీళ్ల విరేచనాల్లోనూ తట్టులోనూ.

తట్టు సంగతి మరీ స్పష్టం. తట్టు సోకిన ఒంట్లో విటమిన్ ఎ వేగంగా ఖర్చయిపోతుంది. 1932లోనే లండన్‌లో ఎలిసన్ అనే వైద్యుడు తట్టుతో చేరిన 600 మంది పిల్లల్లో సగం మందికి కాడ్‌లివర్ నూనె పట్టించారు. పట్టించిన వారిలో 3.7 శాతం, పట్టించని వారిలో 8.7 శాతం చనిపోయారు. ఆ ఫలితాన్ని లోకం మరిచిపోయింది. 1990లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో తట్టు ముదిరి ఆసుపత్రిలో చేరిన 189 మంది పిల్లలతో మళ్లీ చూశారు. విటమిన్ ఎ అందిన 92 మందిలో ఇద్దరు చనిపోయారు, అందని 97 మందిలో పది మంది. తట్టు సోకిన బిడ్డకు చికిత్సలో భాగంగా విటమిన్ ఎ ఇవ్వాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన నేటికీ అమలులో ఉంది. ఈ ఒక్క విషయంలో పెద్దగా వివాదం లేదు.

ఊరూరా వచ్చిన జవాబులు

ఆచే తరువాత వరసగా అధ్యయనాలు జరిగాయి. ముఖ్యమైనవి ఇవి:

- తమిళనాడు, తిరుచ్చి ప్రాంతం, 1990: 15,419 మంది పిల్లలు. వారం వారం 8,333 యూనిట్ల చిన్న మోతాదు, ఏడాది పాటు. మరణాలు 54 శాతం తక్కువ.
- హైదరాబాద్ పరిసర గ్రామాలు, 1990: 15,000కు పైగా పిల్లలు. ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు. గణనీయమైన తేడా లేదు.
- నేపాల్, సర్లాహి జిల్లా, 1991: 28,630 మంది పిల్లలు. నాలుగు నెలలకోసారి మోతాదు. 30 శాతం తక్కువ.
- సూడాన్, 1992: 28,000కు పైగా పిల్లలు. తేడా లేదు.
- ఉత్తర ఘనా, 1993: 21,906 మంది పిల్లలు. 19 శాతం తక్కువ.

1993లో కెనడాకు చెందిన జార్జ్ బీటన్ బృందం అప్పటి ప్రధాన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టింది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల వయసు పిల్లల్లో 23 శాతం మరణాలు తగ్గుతాయని తేల్చింది. దేశదేశాల్లో విధానాలు నిలబడింది ఈ 23 మీదే.

తమిళనాడు ఫలితం దగ్గర కాసేపు ఆగాలి. అక్కడ ఇచ్చింది పెద్ద మోతాదు కాదు. వారానికి 8,333 యూనిట్లను 26 వారాలతో గుణిస్తే సుమారు 2,17,000. ఆరు నెలలకు కలిపి చూస్తే మిగతా చోట్ల ఒకేసారి పోసిన దానికి దాదాపు సమానమే. ఒక్కరోజులో పోసే బదులు తిండితో వచ్చినట్టు కొద్దికొద్దిగా అందించారు, అన్నిటికంటే మంచి ఫలితం అక్కడే వచ్చింది. విటమిన్ ఎ రోజూ కంచంలో దొరకాలని వాదించేవారికి దీనికి మించిన ఆధారం లేదు.

హైదరాబాద్ ఫలితమూ అంతే విలువైనది. అక్కడ ఆరోగ్య కార్యకర్తలు రెండు గుంపుల ఇళ్లకూ క్రమం తప్పకుండా వెళ్లారు. జబ్బుపడ్డ బిడ్డ ఎవరో ముందే తెలిసి, వైద్యం అందే వీలు పెరిగింది. అలాంటి చోట విటమిన్ అదనంగా చేయగలిగేది తగ్గుతుందన్నది ఒక వివరణ. అయితే తమిళనాడులోనూ కార్యకర్తలు వారం వారం ఇంటింటికీ వెళ్లారు, అయినా తేడా కనిపించింది. కాబట్టి ఏ ఒక్క కారణమూ మొత్తాన్ని వివరించదు. ఆ ఊళ్లలో పిల్లల ఒంట్లో లోపం ఎంత, తట్టు టీకా ఎందరికి అందింది, నీళ్ల విరేచనాలు పట్టుకుంటే సమయానికి వైద్యం దొరుకుతోందా అన్న మూడూ కలిసి అంకెను నిర్ణయిస్తాయి.

పది లక్షల మంది పిల్లలు, 4 శాతం

1999 నుంచి 2004 దాకా ఉత్తరప్రదేశ్‌లో 72 బ్లాకుల్లో, 8,338 అంగన్‌వాడీ కేంద్రాల పరిధిలో, పది లక్షల మంది పిల్లలతో ఒక మహా అధ్యయనం జరిగింది. దీని పేరు డేవ్టా. లక్నోకు చెందిన షాలీ అవస్థి, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రిచర్డ్ పీటో తదితరులు నడిపారు. ఫలితాలు 2013లో గానీ వెలుగు చూడలేదు. మరణాల తగ్గుదల 4 శాతం. గణాంక శాస్త్రం ప్రకారం అది 11 శాతం తగ్గుదల కావచ్చు, 3 శాతం పెరుగుదలా కావచ్చు. అంటే కచ్చితమైన తేడా ఉందని చెప్పలేని అంకె.

దీనిపై పెద్ద వాదమే జరిగింది. అధ్యయనకర్తలు 86 శాతం మంది పిల్లలకు మోతాదు అందిందన్నారు. అంత తక్కువ సిబ్బందితో అది నమ్మశక్యం కాదని సోమర్, ఆయన సహచరులు అన్నారు. పిల్లల సంఖ్య ఎంత పెద్దదైనా మందు నిజంగా నోట్లో పడకపోతే ఫలితం పలచబడుతుందన్నది వారి వాదన. నడిపినవారు మాత్రం పాత అధ్యయనాలతో కలిపి చూస్తే ప్రభావం 11 శాతమన్నారు. 2017లో కాక్రేన్ సంస్థ 47 అధ్యయనాలను, 12 లక్షలకు పైగా పిల్లలను కలిపి పరిశీలించి 12 శాతం తగ్గుదల ఉందని తేల్చింది. 23 కాస్తా 12 అయింది. అది సున్నా మాత్రం కాలేదు.

శాతం వెనక ఎందరు పిల్లలు?

ఇక్కడే అసలు లెక్క చేయాలి. శాతం ఒక్కటే చూస్తే ఎందరు బతుకుతారో తెలియదు. దేని మీద శాతమన్నది ముందు తేలాలి.

1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 109 మంది అయిదేళ్లు నిండకుండానే చనిపోయేవారు. వారిలో 78 మందికి పైగా మొదటి పుట్టినరోజుకు ముందే. మిగిలిన దాదాపు 31 మంది ఏడాదికీ అయిదేళ్లకూ మధ్య. 2019-21 సర్వేలో అయిదేళ్లలోపు మరణాలు 41.9కి, ఏడాదిలోపు మరణాలు 35.2కి దిగాయి. తీసివేస్తే మిగిలేది 6.7. విటమిన్ ఎ ప్రధానంగా పనిచేసే వయసు ఇదే. ఆరు నుంచి పదకొండు నెలల పిల్లల మరణాలు దీనికి కొన్ని కలుస్తాయి.

ఇప్పుడు 23 శాతాన్నే నమ్మి చూద్దాం. 31 మందిలో 23 శాతమంటే వెయ్యికి ఏడుగురు. 6.7లో అదే శాతం 1.5. కాక్రేన్ 12 శాతం తీసుకుంటే 0.8. మందు మారలేదు, మోతాదు మారలేదు. చావులు తగ్గిన కొద్దీ అది కాపాడగలిగే వారి సంఖ్యా తగ్గింది. తట్టు టీకా తొలి మోతాదు 1992-93లో 42 శాతం పిల్లలకు అందేది, 2019-21 నాటికి 88 శాతానికి అందింది. ఒకప్పుడు విటమిన్ ఎ ఒంటరిగా చేసిన పనిలో చాలా భాగం ఇప్పుడు టీకా చేస్తోంది.

మన రాష్ట్రాల్లో ఇది ఇంకా స్పష్టం. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు మరణాలు వెయ్యికి 35.2, అందులో ఏడాదిలోపువే 30.3. తేడా 4.9. తెలంగాణలో 29.4, 26.4. తేడా 3. ఇక్కడ పోతున్న పసిప్రాణాల్లో అత్యధికం మొదటి ఏడాదిలో, అందులోనూ మొదటి నెలలో. ఆ తొలి నెలల్లో ఈ మందు పనికిరాదు. పుట్టిన వెంటనే విటమిన్ ఎ ఇవ్వడంపై భారత్, ఘనా, టాంజానియాల్లో పెద్ద అధ్యయనాలు జరిగినా స్థిరమైన మేలు కనిపించలేదు. ఆరు నెలల లోపు ఇవ్వవద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ పిల్లలకు కావలసింది సురక్షితమైన కాన్పు, తల్లిపాలు, వెచ్చదనం, నవజాత శిశువుల వార్డులో మంచి సంరక్షణ.

ఆపాలా, కొనసాగించాలా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఒక గీత గీసింది. రక్తంలో రెటినాల్ తక్కువగా ఉన్న పిల్లలు 20 శాతం గానీ, రేచీకటి ఉన్న రెండు నుంచి అయిదేళ్ల పిల్లలు 1 శాతం గానీ దాటితే ఆ ప్రాంతంలో అందరికీ మోతాదులు ఇవ్వాలి. 2016-18లో మన దేశంలో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో లోపం 17.6 శాతమని తేలింది. గీతకు కాస్త కింద. దీని ఆధారంగా బెంగళూరుకు చెందిన అనూర కుర్పాడ్, హైదరాబాద్ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2021లో, దేశమంతా ఒకేలా పోసే పద్ధతికి కాలం చెల్లిందని వాదించారు. నూనెలో, పాలలో విటమిన్ ఎ కలుపుతున్నాం, పైన మోతాదులూ పోస్తున్నాం, రెండూ కలిస్తే కొందరు పిల్లలకు అవసరానికి మించి చేరుతుందన్నది వారి ఆందోళన. మోతాదు పడిన తరువాత కొందరు పిల్లలకు ఒకటి రెండు రోజులు వాంతులు, తలనొప్పి రావడం తెలిసిందే. 2001 నవంబరులో అస్సాంలో రెండు మిల్లీలీటర్ల చెంచాకు బదులు అయిదు మిల్లీలీటర్ల గిన్నెతో పోసినప్పుడు పిల్లలు జబ్బుపడ్డారు, మరణాల వార్తలూ వచ్చాయి. వాటికి కారణం ఈ మందేనా అన్నది వివాదంగానే మిగిలినా, కొలత తప్పకూడదన్న హెచ్చరిక మాత్రం దేశమంతటికీ చేరింది.

కానీ 17.6 అన్నది సగటు. అదే సర్వేలో జార్ఖండ్ పిల్లల్లో లోపం 40 శాతం దాటింది. దేశం సగటు చూపించి జార్ఖండ్ బిడ్డకు మందు ఆపడం అన్యాయం. ఆఫ్రికాలో అది మరింత అన్యాయం. 2013 నాటికి సహారా దిగువ ఆఫ్రికాలో 48 శాతం పిల్లల్లో ఈ లోపం ఉందని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అధ్యయనం లెక్కగట్టింది. ఆ ఏడాది పేద, మధ్యాదాయ దేశాల్లో ఈ లోపం కారణంగా నీళ్ల విరేచనాలతో 94,500 మంది, తట్టుతో 11,200 మంది పిల్లలు చనిపోయి ఉంటారని అంచనా వేసింది. లక్షకు పైగా ప్రాణాలు. వాటిని కాపాడగల గుళిక ఖరీదు ఇప్పటికీ కొన్ని పైసలో, ఒకటి రెండు రూపాయలో.

నేపాల్ చూపిన దారి

ఆ గుళిక ఇంటిదాకా ఎలా చేరాలో నేపాల్ చూపింది. సర్లాహి అధ్యయనం తరువాత 1993లో ఎనిమిది జిల్లాల్లో మొదలుపెట్టి, 2002 నాటికి అప్పటి 75 జిల్లాలకూ కార్యక్రమాన్ని విస్తరించింది. ఆ పని భుజాన వేసుకున్నది ఊళ్లోని మహిళా ఆరోగ్య స్వచ్ఛంద కార్యకర్తలు. వైశాఖంలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి రోజు నిర్ణయించి ఊరి పిల్లలందరినీ పిలిచి గుళిక కత్తిరించి నోట్లో పిండుతారు. కొండలెక్కి నడిచి వెళ్లాల్సిన పల్లెల్లో కూడా ఎక్కువ మంది పిల్లలకు అందింది. 1996లో వెయ్యికి 118గా ఉన్న అయిదేళ్లలోపు మరణాలు 2022 సర్వేలో 33కు దిగాయి. ఈ ఘనత అంతా విటమిన్‌ది కాదు. టీకాలు, ఓఆర్‌ఎస్, న్యుమోనియా వైద్యం, ఆడపిల్లల చదువు అన్నీ ఉన్నాయి. కానీ గుళిక కోసం అలవాటైన ఆ దారినే నులిపురుగుల మాత్రలు, ఇతర సేవలూ ఇంటికి చేరాయి.

శాశ్వతమైన మార్గం తిండిదే. గ్వాటెమాలా 1970ల్లోనే చక్కెరలో విటమిన్ ఎ కలిపింది. మొజాంబిక్, ఉగాండాల్లో నారింజరంగు చిలగడదుంప సాగును పెంచిన శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. మన ఇళ్లలో మునగాకు, తోటకూర, పాలకూర, బొప్పాయి, మామిడి, క్యారట్ ఉండనే ఉన్నాయి. ఆకుకూరల్లో ఉండేది విటమిన్‌గా మారాల్సిన కెరోటిన్, అది ఒంటికి పట్టాలంటే కాస్త నూనె తగలాలి. గుడ్డు, పాలు, కాలేయంలో మాత్రం విటమిన్ నేరుగా దొరుకుతుంది. అంగన్‌వాడీలో బిడ్డకిచ్చే గుడ్డును ఖర్చుగా చూసేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

కాబట్టి తల్లిదండ్రులు చేయాల్సింది తేలికే. తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో ఈ తొమ్మిది మోతాదుల వివరాలు చూడండి. తప్పిపోతే ఏఎన్ఎంను గానీ ఆశా కార్యకర్తను గానీ అడగండి. సొంతంగా మందుల షాపులో కొని అదనంగా వేయవద్దు. తట్టు టీకా రెండు మోతాదులూ తప్పనివ్వవద్దు.

ప్రభుత్వాలు చేయాల్సింది కష్టమైనా తప్పించుకోలేనిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 9 నుంచి 35 నెలల పిల్లల్లో 71 శాతానికే గత ఆరు నెలల్లో మోతాదు అందినట్టు తేలింది. అందని 29 శాతంలోనే లోపం ఎక్కువ ఉండే అవకాశం ఉంది, ఎందుకంటే టీకా, పౌష్టికాహారం, వైద్యం చేరనిదీ తరచుగా ఆ ఇళ్లకే. ముందు ఆ పిల్లలను చేరుకోవాలి. ఆపైన జిల్లాల వారీగా రక్తపరీక్షలు చేసి, ఫలితాలు బహిరంగంగా పెట్టి, లోపం తొలగిన జిల్లాలో మందు ఆపాలి, ఉన్న జిల్లాలో కొనసాగించాలి. అలవాటుగా పోయడమూ తప్పే, డబ్బు మిగులుతుందని ఆపడమూ తప్పే. 54 ఒక ఊరి నిజం, 4 మరో ఊరి నిజం. మన జిల్లా అంకె ఏమిటో కొలిచి తెలుసుకుని, దాన్ని బట్టి నడుచుకోవడమే ఈ పిల్లలకు మనం చేయాల్సిన న్యాయం.